జపాను పాటల్లో హోటలు: మూసిన తలుపు వెనుక

సింగపూరు బీచ్ రోడ్డులోని రాఫిల్స్ హోటలును 1887లో సార్కీస్ సోదరులనే ఆర్మీనియన్లు ప్రారంభించారు. 1942 ఫిబ్రవరి 15న బ్రిటిష్ సైన్యం లొంగిపోయిన తరువాత జపాను పాలకులు నగరానికి 'షోనాన్' అని, ఈ హోటలుకు 'షోనాన్ ర్యొకాన్' అని పేర్లు మార్చారు. భవనం అదే, గదులూ అవే. అయినా 'హోటలు' స్థానంలో 'ర్యొకాన్' అన్న మాటను నిలపడం కేవలం అనువాదం కాదు. జపాను భాషలో ఆ రెండూ రెండు వేర్వేరు లోకాలు. ఆ తేడా తెలిస్తే గాని యుద్ధానంతర జపాను జనరంజక గీతాలలో హోటలుకు ఉన్న స్థానం బోధపడదు.

ర్యొకాన్‌లో అతిథి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్తాడు. 'ఒకామి' అనే యజమానురాలు ఎదురువచ్చి ఆహ్వానిస్తుంది. వచ్చినవారెవరో ఆ ఇంటికి తెలుస్తుంది. జపానీయులు 'హొతెరు' అని పలికేది పాశ్చాత్య పద్ధతిలోని బసను: మంచం, తాళంచెవి, మూసుకునే తలుపు. తెలుగువారి పూటకూళ్ళిల్లు మొదటి కోవకు చెందినది. క్రీడాభిరామంలోని ఓరుగల్లు పూటకూళ్ళింటి నుంచి కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మ దాకా, తెలుగు సాహిత్యంలో బస అంటే వండిపెట్టే మనిషి. తెలుగునాట 'హోటలు' అన్న ఆంగ్లపదం కూడా భోజనశాలగానే స్థిరపడింది. జపానులో అదే పదం తలుపు మూసుకునే గది అయింది. పాటకు పనికివచ్చింది ఆ తలుపే.

'ఎన్కా' అనే విషాదశృంగార గీతశాఖలో ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది. 1986లో ఇషికావా సయూరి పాడిన 'అమాగి గోఎ'లో ప్రేమికుల రహస్యపు బస ఇజు ద్వీపకల్పపు కొండలలో ఉంది. అక్కడి కనుమకూ జలపాతానికీ పేర్లున్నాయి. నాయిక అసూయ ఆ ప్రకృతితో పెనవేసుకుని సాగుతుంది. దానికి ఏడాది ముందు షిమాజు యుతాకా గళంలో ప్రసిద్ధమైన 'హోటలు' అనే పాట, నకనిషి రేయ్ రచన, ఇందుకు భిన్నం. పరాయి స్త్రీ భర్తను హోటలు గదులలో మాత్రమే కలుసుకోగలిగే ఒక స్త్రీ వేదన అది. ఆ హోటలు ఏ ఊరిదైనా కావచ్చు. పేరు చెప్పుకోలేని బంధానికి పేరు అక్కరలేని చోటు కావాలి.

హోటలుకు మరో ముఖం సంపద జ్ఞాపకం. నటగాయకుడు కయామా యూజో భాగస్వామిగా చిగసాకి సముద్రతీరంలో 1965లో వెలసిన పసిఫిక్ హోటలు అయిదేళ్లకే దివాళా తీసి, ఆయనను పెద్ద అప్పులలో ముంచింది. 1988లో అది మూతపడింది. ఆ ఊరి బిడ్డ కువాతా కెయ్‌సుకె నాయకుడిగా ఉన్న సదర్న్ ఆల్ స్టార్స్ బృందం 2000లో 'హోటల్ పసిఫిక్' పాటతో దానికి మళ్లీ ప్రాణం పోసింది.

మూడో ముఖం ఉష్ణదేశపు కల. సామాన్య జపానీయులకు విహారం కోసం విదేశాలకు వెళ్లే స్వేచ్ఛ 1964 ఏప్రిల్ 1న గాని లభించలేదు. అందువల్ల దక్షిణ సముద్రాలు వారికి మొదట పాటల్లోనే పరిచయమయ్యాయి. ఆ సంగీతపు మూలాలలో ఒకటి కూడా హోటలే. హొనొలూలూలోని హవాయియన్ విలేజ్ హోటలు బారులో అమెరికన్ వాద్యకారుడు మార్టిన్ డెన్నీ బృందం పక్షికూతలను అనుకరిస్తూ వాయించేది. ఎవరూ చూడని అడవిని బారులో కూర్చున్నవారికి అమ్మిన సంగీతమది. హొసోనో హరుఓమి దీనిని ప్రేమించాడు, ఎగతాళి కూడా చేశాడు. 1978 నవంబరులో ఆయన ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా డెన్నీ 'ఫైర్‌క్రాకర్'ను యంత్రవాద్యాలపై మలచింది.

దానికి రెండు నెలల ముందే వచ్చింది 'కొచ్చిన్ మూన్'. చిత్రకారుడు యొకొఓ తదనోరితో కలిసి హొసోనో చేసిన భారతయాత్ర దీనికి ప్రేరణ. మొదటి వైపున్న మూడు రచనల పేర్లూ 'హోటల్ మలబార్': కింది అంతస్తు, పై అంతస్తు, మేడమీది తోట. రెండో వైపు మొదటి రచన పేరు 'హెపటైటిస్'. యాత్రలో హొసోనో కడుపుజబ్బుతో తీవ్రంగా బాధపడ్డాడు. కాలేయవాపులో 'ఏ' రకం కలుషితమైన నీటితో, ఆహారంతో సోకుతుంది. లక్షణాలు సగటున నాలుగు వారాలకు గాని బయటపడవు. ఆ వైరసుకు హోటలు తలుపు అడ్డు కాదు. ఊరిని బయట నిలిపివేసిన గదిలోకి ఊరి నీళ్లు వస్తూనే ఉంటాయి.

తరువాతి రచన 'హమ్ ఘర్ సాజన్'. ఆ పేరులో ఇల్లుంది, ఆత్మీయుడున్నాడు. చివరిది 'మేడమ్ కాన్సల్ జనరల్ ఆఫ్ మద్రాస్'; జబ్బుపడిన యాత్రికుణ్ణి ఆదరించిన జపాను రాయబార అధికారి భార్యకు అది కృతజ్ఞత. హోటలు, జబ్బు, ఇల్లు, ఇల్లాలు: పేర్ల వరుసే ఒక కథ చెబుతుంది. కలల గది నుంచి బయలుదేరిన సంగీతం ఒకామి దగ్గరికి, తెలుగువారి మాటల్లో చెప్పాలంటే పూటకూళ్ళమ్మ దగ్గరికి, చేరుకుంది.

రాఫిల్స్ హోటలు జపాను కల్పనలోకి మరోసారి వచ్చింది. 1989లో మురకామి ర్యూ అదే పేరుతో నవల రాసి, సినిమా తీశాడు. ఒక నటి తన పూర్వప్రియుడైన యుద్ధఛాయాగ్రాహకుణ్ణి వెతుక్కుంటూ సింగపూరు వస్తుంది. అతడు చూసిన యుద్ధం వియత్నాంది. అయితే 1942లో ఆ నగరంలో జపాను సైన్యం చైనీయులను ఏరి చంపిన 'సూక్ చింగ్' జరిగింది. షోనాన్ ర్యొకాన్ అన్న పేరూ ఆ రోజులదే. పాటలోని హోటలు గతం లేని చోటుగా తోచడానికి కారణం, అతిథి తన గతాన్ని తలుపు బయట వదిలి రావడమే. భవనానికి ఆ వెసులుబాటు లేదు. ఊరూరా హోటలు గదులలో రాత్రులు గడిపే నేటి వృత్తినిపుణులు ఈ పాటలను విన్నప్పుడు, ఆ తలుపుకు అవతలి వైపు కూడా ఉందని 'కొచ్చిన్ మూన్' గుర్తుచేస్తుంది.