పెట్టెకు గొట్టం లెక్క చాలదు

వంటింట్లో గ్యాస్ బండ గుండ్రంగా ఉంటుంది, పదిహేను కిలోల నూనె డబ్బా నలుపలకలుగా ఉంటుంది. మూత బిగించిన ఖాళీ డబ్బాను ఎండలో పెడితే పక్కలు ఉబ్బుతాయి. లోపలి పీడనం గుండ్రటి గోడను చుట్టూ సమంగా లాగుతుంది. చదును గోడనైతే వంచుతుంది కూడా.

రిఫైనరీల్లో వేడి చమురును గాలితో చల్లార్చే ఎయిర్ కూలర్లలో, ట్యూబుల చివర ఉండే హెడర్ చాలాచోట్ల ఇలాంటి పెట్టే. ఒక్కో ట్యూబుకు ఎదురుగా ఒక ప్లగ్గు ఉంటుంది. అది విప్పి ట్యూబు శుభ్రం చేస్తారు కాబట్టి, అక్కడ చదును ప్లేటే అనువు.

ఒక లెక్క చూద్దాం. 200 మిల్లీమీటర్ల వ్యాసం, 10 మి.మీ. మందం ఉన్న గొట్టంలో 10 బార్ల పీడనానికి గోడలో స్ట్రెస్ సుమారు 10 మెగాపాస్కల్స్. అదే వెడల్పు, అదే మందంతో పొడవాటి చదరపు పెట్టె చేస్తే మూల దగ్గర లాగుడు వల్ల 10, వంపు వల్ల 200, మొత్తం 210! అదీ మూల లోపలి వైపున, సరిగ్గా వెల్డింగ్ ఉండే చోట.

అమెరికా వారి ఆస్మే పీడన పాత్రల కోడ్, సెక్షన్ 8 డివిజన్ 1లో ఇలాంటి పెట్టెలకే అపెండిక్స్ 13 ఉంది. ఎస్‌ఏ-516 గ్రేడ్ 70 ఉక్కుకు మామూలు ఉష్ణోగ్రతల్లో అనుమతించే స్ట్రెస్ 138. వంపు కూడా కలిస్తే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 207. మన పెట్టె మూడు తేడాతో తప్పింది. మందం 12 చేస్తే స్ట్రెస్ 147కు దిగుతుంది. ట్యూబుల కోసం రంధ్రాలు వేసిన ప్లేటుకు ఆ బలహీనత కూడా లెక్కలో చేర్చాలి.

ఎయిర్ కూలర్లకు ఏపీఐ 661 ప్రమాణం ఉంది కదా అంటారు. కార్బన్ స్టీల్ హెడర్లో ట్యూబులు బిగించే ప్లేటు (ట్యూబ్ షీటు) కనీసం 20 మి.మీ., పై, కింది ప్లేట్లు 12 మి.మీ. ఉండాలని అది చెబుతుంది. కానీ పీడనం లెక్కకు ఏ కోడ్ వాడాలో కొనుగోలుదారుతో తేల్చుకోవలసిందే. యూరప్‌కు వెళ్లే పరికరమైతే అక్కడి చట్టం ముందు చూడాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 13445 మూడో భాగంలోనూ దీర్ఘచతురస్రపు పాత్రలకు విడిగా నియమాలున్నాయి.

ఏది ఎంచుకున్నా పూర్తిగా పాటించాలి. ఉక్కు తెగే బలాన్ని ఆస్మే డివిజన్ 1 మూడున్నరతో భాగిస్తుంది, ఈఎన్ 2.4తో. ఆ ఉదారత వెనుక ఈఎన్ సొంత తనిఖీలు, పరీక్షలు ఉన్నాయి. ఈఎన్ పలుచని గోడ, ఆస్మే తనిఖీ కలిపి పెట్టె చేయడం నా దృష్టిలో క్షమించరాని తప్పు.

డ్రాయింగ్ మొదలుపెట్టే ముందే ఏ కోడ్, ఏ ఏటి ఎడిషన్ అన్నది కొనుగోలుదారు చేత రాయించుకోండి.