ఫరో పశ్చాత్తాపపడలేదా?

కఠిన హృదయం అనగానే దేవుడంటే గిట్టనివాడు, ప్రార్థన ఎరగనివాడు గుర్తుకొస్తాడు. బైబిల్లో ఆ మాటకు పేరుపడ్డ ఫరో కథను నిదానంగా చదివితే ఆ అభిప్రాయం నిలవదు. ఇశ్రాయేలీయులను వెళ్లనివ్వనందుకు దేవుడు పంపిన తెగుళ్లలో కప్పలు పడకల మీదికి ఎక్కినప్పుడు ఐగుప్తు రాజు మోషేను పిలిపించి, తన కోసం ప్రార్థించమని వేడుకున్నాడు. ఎప్పుడు ప్రార్థించమంటావని మోషే అడిగితే, రేపు అన్నాడు! (ఆ రాత్రి కూడా కప్పలతోనే పడుకున్నాడన్నమాట.) వడగండ్లు కురిసినప్పుడు తాను పాపం చేశానని నోరారా ఒప్పుకున్నాడు, మిడతలు వచ్చినప్పుడు మళ్లీ ఒప్పుకున్నాడు. భయం ఉంది, ఒప్పుకోలు ఉంది. ఆపద గడిచాక, ఇశ్రాయేలీయులను వెళ్లనిస్తానన్న మాట మీద నిలబడటమే లేదు. కప్పల పీడ వదిలాక, వడగండ్లు ఆగాక అతను తన గుండెను బండ చేసుకున్నాడని నిర్గమకాండము చెబుతుంది. దెబ్బ తగిలినప్పటి కంటే నొప్పి తగ్గినప్పుడే మనిషికి ఈ ప్రమాదం ఎక్కువ.

అతని హృదయాన్ని కఠినపరచింది దేవుడే అయితే ఫరో తప్పేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అలా చేస్తానని దేవుడు మోషేతో ముందే అంటాడు కూడా. అయితే తెగుళ్ల వరుసలో యెహోవా కఠినపరచాడన్న మాట మొదట వచ్చేది ఆరో తెగులు, పుండ్ల దగ్గర. అంతకు ముందే రాజు మొండికేయడం అలవాటు చేసుకున్నాడు. మూడో శతాబ్దపు వేదాంతి ఓరిజెన్ దీనికి ఒకే ఎండకు మైనం కరగడం, బురద గట్టిపడటం పోలికగా చెప్పాడు. దీంతో చిక్కంతా విడిపోదు. రోమా పత్రికలో పౌలు దేవుని సర్వాధికారం వైపే మొగ్గాడు. కానీ ఫరో బాధ్యతను మాత్రం కథ ఎక్కడా కొట్టివేయలేదు.

సంఘంలో ప్రశ్నలడిగేవాళ్ల నోరు మూయించడానికి కొందరు బోధకులు కఠిన హృదయం అన్న మాటను వాడతారన్న ఫిర్యాదూ నిజమే. అది దుర్వినియోగం. హబక్కూకు దేవుణ్ణే నిలదీశాడు, అతని గ్రంథం లేఖనాల్లో ఉంది. పైగా మార్కు సువార్త 6వ అధ్యాయంలో హృదయం కఠినమైందని అనిపించుకున్నది అయిదు రొట్టెలతో అయిదు వేలమంది పురుషులు తిన్నది కళ్లారా చూసిన శిష్యులే. ఈ హెచ్చరికను పక్కవాడి మీదికి తిప్పేముందు ఆ అధ్యాయం ఒకసారి చదవండి.