అట్ట లేని పుస్తకములు

మేడారమున సమ్మక్క సారలమ్మలకు విగ్రహములు లేవు. మాఘ పౌర్ణమి వేళ కోయ పూజారులు కన్నెపల్లి నుండి సారలమ్మను, చిలుకలగుట్ట నుండి సమ్మక్కను గద్దెలకు కొనివత్తురు. సమ్మక్క వచ్చునది కుంకుమభరిణె రూపమున. లక్షలాది జనము జంపన్నవాగున మునిగి, నిలువెత్తు బెల్లము తూచి, దానిని బంగారమని పిలిచి సమర్పించి మ్రొక్కునది ఆ భరిణెకును, గద్దెపై నిలిపిన వెదురునకును మాత్రమే. అయినను జాతరకు పోయివచ్చిన యే యింట నడిగినను అమ్మవార్ల ముఖము ఎట్లుండునో చెప్పగలరు. ఈ ముఖమును వారికిచ్చినది ఎవరు? శిల్పి కాదు, పురాణము కాదు. అంగడిలో కొన్న రంగుల పటమును, చవుక పుస్తకపు అట్టయును ఇచ్చినవి.

ఆ పుస్తకమును పండితుడు చేతబట్టడు. అది నాలుగైదు ఫారముల పలుచని పుస్తకము. నడుమ రెండు తీగె కుట్లు, లోపల మొరటు కాగితము, పైన మాత్రము ఎఱుపు పసుపులు పొంగిపొరలు ముఖచిత్రము. వేటకు పోయిన కోయదొరకు పులుల నడుమ ఆడుకొనుచున్న పసిపాప దొరకుట, పగిడిద్దరాజుతో ఆమె వివాహము, కప్పము చెల్లలేదని కాకతీయ ప్రతాపరుద్రుని సేన దండెత్తుట, జంపన్న సంపెంగవాగున పడుట, గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు పోయి కనుమఱుగగుట. కథ అన్నింట నొక్కటే. తఱచు వాక్యములును అవియే. మాఱునది అట్ట. వనదేవత రూపమును జనులు ఏ దశకమున ఎట్లు ఊహించుకొనిరో తెలియగోరువాడు ఆ అట్టలను వరుసగా పేర్చి చూడవలయును గాని వేఱు దారి లేదు. 1996లో ఈ జాతర రాష్ట్రపు పండుగ యైనది. 2024లో ఫిబ్రవరి 21 మొదలు 24 వఱకు జరిగినది. ఈ నడుమ నెన్ని జాతరలు, ఎన్ని అట్టలు! వానిని పేర్చుటకు పూనుకొన్నవారెవరు?

చవుక పుస్తకమును ప్రోగుచేయుట వెఱ్ఱిపని యని మన పెద్దమనుష్యులలో నొక భావము గలదు. ఇతర దేశములందును మొదట ఇట్లే తలచిరి. అమెరికాలో ఫ్రాంక్ మన్సీ యనువాడు 1896లో తన ఆర్గసీ పత్రికను కేవలము కథలతో నింపి, కఱ్ఱగుజ్జుతో చేసిన మిక్కిలి చవుక కాగితముపై అచ్చొత్తించెను. ఆ గుజ్జునకు ఆంగ్లమున గల పల్ప్ అను పేరే ఆ జాతి సాహిత్యమునకు పేరైనది. ఇంగ్లండున 1935లో పెంగ్విన్ పుస్తకములు ఆరు పెన్నీలకు వచ్చినవి. అమెరికాలో 1939లో పాకెట్ బుక్స్ పావు డాలరునకు వచ్చినవి. మన దేశమున 1958లో ఢిల్లీ నుండి హింద్ పాకెట్ బుక్స్ బయలుదేరినవి. పల్ప్ పత్రికలకై చిత్రకారులు నూనెరంగులతో వ్రాసిన మూలచిత్రములను అచ్చు ముగిసిన పిమ్మట ప్రచురణకర్తలు చెత్తగా పాఱవేసిరి. మిగిలిన కొలదివానిని రాబర్ట్ లెస్సర్ వంటివారు ఏఱి దాచగా, నేడవి కనెక్టికట్ రాష్ట్రమునందలి న్యూ బ్రిటన్ చిత్రశాలలో ఉన్నవి. మన పొరుగున మదరాసులో బ్లాఫ్ట్ సంస్థవారు 2008లో తమిళ చవుక నవలల నుండి కథలేర్చి ఆంగ్లమున ప్రకటించినపుడు పాత ముఖచిత్రములను గూడ అందు చేర్చిరి.

తెలుగువారికి ఈ సంపద తక్కువ కాదు. రాజమహేంద్రవరమున కొండపల్లి వీరవెంకయ్య, గొల్లపూడి వీరాస్వామి సంస్థలును, కర్నూలున బాలసరస్వతీ బుక్ డిపోయును బాలనాగమ్మ కథను, కాంభోజరాజు కథను, బొబ్బిలి కథను, వ్రతకల్పములను, పంచాంగములను పల్లెపల్లెకు చేర్చినవి. తిరునాళ్లకు పోయినవాడు బిడ్డకు బూర కొని తనకీ పుస్తకము కొనెడివాడు. పిమ్మట చేతిసంచిలో నిముడు నవలల కాలము వచ్చినది. మచిలీపట్టణపు ఎం. శేషాచలము కంపెనీవారు ఎమెస్కో పేరిట పాకెట్ పుస్తకములు వేసిరి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధరును, ఆయన సహాయకుడు రాజును ఎఱుగని రైలు ప్రయాణికుడు ఆ కాలమున అరుదు. టెంపోరావు వచ్చెను, మధుబాబు షాడోతో వచ్చెను. తండ్రి చూడకుండ పాఠ్యపుస్తకము నడుమ దాచి ఈ నవలలు చదివిన బాలురే నేడు తాతలై మనుమలను చదువలేదని మందలించుచున్నారు.

ఈ ముఖచిత్రములన్నియు ఉత్తమకళ యని మేము చెప్పబోము. ధూమము గ్రక్కు రివాల్వరు, వెనుదిరిగి చూచు స్త్రీ, టోపీ నీడలో సగము ముఖము: ఈ మూటిని త్రిప్పి త్రిప్పి వేసినవే పెక్కు. విదేశీయ పత్రికల నుండియు, సినిమా ప్రకటనల నుండియు దించుకొన్నవియు గలవు. కాని ఆ వరుసలోనే సత్తిరాజు లక్ష్మీనారాయణ, అనగా బాపు (1933-2014), వడ్డాది పాపయ్య (1921-1992) వంటివారి చేతిపని గలదు. 1947 జూలైలో మొదలైన చందమామ మొదలుకొని మాసపత్రికలు, దీపావళి సంచికలు, నవలలు వీరి కుంచెకు గోడలైనవి. చిత్రశాల గుమ్మము త్రొక్కని గృహిణి పాపయ్యగారి రంగులను పత్రిక అట్టమీదనే కదా చూచినది!

చిత్రము కంటెను మేము విలువైనదిగా తలచునది మఱొకటి గలదు. అది అట్టమీది అక్షరము. సీసపు అచ్చుల కాలమున తెలుగు అక్షరములకు ఆంగ్లమునకున్నన్ని రూపములు లేవు. లోపలి పుటలు ఏ ముద్రణాలయమున చూచినను ఇంచుమించు ఒక్క తీరున నుండెడివి. ఇక నవల పేరు భయము గొల్పవలెనన్నను, వలపు తెలుపవలెనన్నను చిత్రకారుడే చేతితో వ్రాయవలసి వచ్చెడిది. తలకట్టు కత్తియగును, కొమ్ము పాముపడగ యగును, సున్న నుండి నెత్తురు కాఱును. తెలుగు లిపి ఎన్ని వంపులు తిరుగగలదో పరీక్షించినది ఈ అట్టలమీదనే. బాపు చేవ్రాత కంప్యూటరునకెక్కి నేడు శుభలేఖలపై కూడ కనబడుచున్నది గాని, పేరు లేక పోయిన అట్టవ్రాతగాండ్రు ఎందఱో గలరు. వారి పని ఆ అట్టలపై దక్క మఱెచ్చటను లేదు.

ఇట్టి అట్టను మొదట చింపినది ఎవరు? చెదపురుగు కాదు, గ్రంథాలయము. పలుచని పుస్తకము పదిచేతులు మాఱిన చిరుగునని తలచి, రాగానే మెత్తని అట్టను తీసి పాఱవైచి, గట్టి అట్టలు వేయించి, వెన్నుపై సంఖ్య వ్రాయించుట మన గ్రంథాలయములలో వాడుక యైనది. పుస్తకమును కాపాడవలెనను సదుద్దేశముతోనే చేసిరి. తరువాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు వేలకొలది తెలుగు గ్రంథములను ఛాయలు తీసిరి, అది మహోపకారమే. కాని తీసినది తఱచు అట్ట పోయిన ప్రతులనుండి, అదియును నలుపు తెలుపులలో. నేడొక విద్యార్థి పాత నవలను కంప్యూటరున తెఱచిన మొదట కనబడునది గ్రంథాలయపు ముద్ర. అక్షరములు దక్కినవి, పుస్తకపు ముఖము దక్కలేదు.

అట్ట పోయిన కాలము కూడ పోవును. చవుక పుస్తకములలో ముద్రణ సంవత్సరము వేయని వెన్నియో. వాని వయసును తేల్చునది అట్టపై నున్న వెల. వెల అణాలలో నున్నచో ఆ పుస్తకము సామాన్యముగా 1957 ఏప్రిలు 1వ తేదికి ముందుది; నయాపైసలలో నున్నచో నాటికిని 1964 నడిమికిని మధ్యది; ఉత్తపైసలైన దానికి తరువాతిది. ప్రచురణకర్త చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు కనబడినచో 1972 ఆగస్టు 15కు ముందుది కానేరదు. వెలపై అతికించిన చీటి పాతసరకును క్రొత్తవెలకు అమ్మినట్లు తెలుపును. వెనుక అట్టపై ప్రకటించిన ఇతర పుస్తకముల పట్టిక, నేడు ఒక్క ప్రతియైన మిగులని నవలల ఉనికికి ఏకైక సాక్ష్యము కావచ్చును.

పొరుగు నాడులో నొక్కడు ఏమి చేసెనో చూడుడు. చెట్టినాడు కొట్టైయూరున రోజా ముత్తయ్య చెట్టియారు అంగళ్లకు బోర్డులు వ్రాయు చిత్రకారుడు. పండితుడు కాదు, జమీందారు కాదు. తన సంపాదనతో తమిళ గ్రంథములనే గాక పాటల పుస్తకములు, నాటకముల కరపత్రములు, శుభలేఖల వఱకు ప్రోగుచేసెను. ఆయన 1992లో గతించిన పిమ్మట ఆ భాండారమును చికాగో విశ్వవిద్యాలయము వారు కొని, దేశము దాటింపక మదరాసులోనే ఆయన పేరిట పరిశోధన గ్రంథాలయముగ నిలిపిరి. మన హైదరాబాదులోనే అబ్దుస్ సమద్ ఖాన్ అనువారు ఇట్లే ఉర్దూ పుస్తకములను, పత్రికలను కూర్చిరి. అది సుందరయ్య విజ్ఞాన కేంద్రమునకు చేరినది. 2000 ఆగస్టు నాటి వఱదలో నీరు చొచ్చి ఎంతో పాడయినది. ప్రోగుచేయుట ఎంత యవసరమో, ప్రోగుచేసినదానిని మేడమీద నుంచుట అంత యవసరము. తెలుగు చవుక పుస్తకమునకు ఇంకను అట్టి ఒక ముత్తయ్య భాగ్యము పట్టలేదు. ఉన్నది ఆదివారము ఆబిడ్సు కాలిబాటపై, విజయవాడ లెనిన్ సెంటరున, గుట్టలలో ఏఱుకొను కొందఱి ఓపిక మాత్రమే.

ఆ ఏఱువారిలోను రెండు తెగలు గలవు. మచ్చలేని ప్రతియే కావలెననువారొక తెగ. అద్దె పుస్తకముల దుకాణపు ముద్ర పడినదానిని వీరు ముట్టరు. మేము వారితో ఏకీభవింపము. దినమునకు కొన్ని పైసల అద్దెకు వీధివీధి తిరిగిన నవలపై ఆ దుకాణపు ముద్ర, తీసికొన్న తేదీల వరుస, పుటంచున 'హంతకుడు మేనమామయే' అని ముందే బయటపెట్టిన దుర్మార్గుని పెన్సిలు వ్రాత, ఇవి యన్నియు ఆ పుస్తకపు జీవితము. రెండవ తెగవారు అట్టను మాత్రము కోసి చట్రములో బిగించి గోడకు తగిలింతురు. గ్రంథాలయము అట్టను పాఱవైచి పుస్తకము నుంచినది. వీరు పుస్తకమును పాఱవైచి అట్ట నుంచుదురు. పాడుచేయుటలో ఇద్దఱును సమానులే.

మా పాఠకుల ఇండ్ల అటకలపై, పాత ట్రంకు పెట్టెలలో, ధాన్యపు గది మూలలలో ఈ పుస్తకములు నేటికిని ఉన్నవని మా నమ్మకము. ఇల్లు విప్పి క్రొత్తది కట్టునపుడు తూకమునకు పోవునవి మొదట ఇవియే. అమ్మక మునుపు ఒక్కమాఱు త్రిప్పి చూడవలెనని కోరుచున్నాము. కఱ్ఱగుజ్జు కాగితము తనలోని ఆమ్లము చేతనే పసుపుబాఱి పెళుసగును. ఎండయు, తేమయు దానిని త్వరపెట్టును. చిరిగినచోట జిగురుబిళ్ల అంటింపరాదు. కొన్నేండ్లకు అది మఱక యగును. ప్లాస్టికు పూత పూయింపరాదు. ఎండిన వేపాకు నడుమ, గట్టి కాగితపు సంచిలో, బల్లపఱుపుగా నుంచిన చాలును. దాచుట చేతగానివారు హనుమకొండలో 1904 నుండి యున్న రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వంటి సంస్థల నడిగి, అట్ట తీయకుండ ఉంచుటకు ఒప్పుకొన్నచో ఈయవచ్చును.

ఇక మేడారము మాట. ఓరుగల్లు, ములుగు ప్రాంతపు గ్రంథాలయములలో నొక్కటియైన ప్రతి జాతరకు ఒక మనుష్యుని పంపి, అంగళ్లలోని ప్రతి పుస్తకమును, ప్రతి పటమును రెండేసి చొప్పున కొనిపింపవలెను. ఒకటి చదువరులకు, ఒకటి దాచుటకు. మొత్తము వెచ్చము ఒక ఉక్కు బీరువా వెలకు మించదు. దాచు ప్రతి లోపలి వెనుక అట్టపై జాతర సంవత్సరము, కొన్న అంగడి చోటు, ఇచ్చిన వెల వ్రాయవలెను. పెన్సిలుతో వ్రాయవలెను, సిరా కూడదు.