సీలేరు దారిలో నడిచేవాళ్ళు

లంబసింగి దాకా అందరికీ తెలిసిన రోడ్డే. చలికాలం వచ్చిందంటే ఆదివారం తెల్లవారుజామున మంచు చూసే జనంతో ఘాట్ మొత్తం కార్లే. చింతపల్లి దాటి గూడెం కొత్తవీధి వైపు తిరిగితే ఆ సందడి తెగిపోతుంది. ఆర్వీ నగర్ దగ్గర కాఫీ తోటలు వస్తాయి. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, కింద ఎర్రబడ్డ కాఫీ పళ్ళు. అక్కణ్ణుంచి దారకొండ, సీలేరు, డొంకరాయి, మోతుగూడెం మీదుగా చింతూరు వైపు దిగేదాకా అడవే. కొన్నిచోట్ల అరగంటకో బండి ఎదురొస్తే గొప్ప. విశాఖపట్నం నుంచి భద్రాచలం పోయే ఆర్టీసీ బస్సు హారన్ వినిపిస్తే, పొలంలో ఉన్నవాళ్ళు పొద్దెంత ఎక్కిందో చెప్పుకుంటారు.

ఈ రోడ్డుకి రద్దీ లేదంటారు. ఆ మాట దగ్గరే నాకు పేచీ.

రద్దీ లెక్కకి ఒక పద్ధతుంది. రోడ్డు పక్కన మనుషుల్ని కూర్చోబెట్టి వరసగా 7 రోజులు, రాత్రీ పగలూ వచ్చేపోయే బళ్ళని రాయిస్తారు. లారీకి ఇంత, కారుకి ఇంత, బైకుకి, ఎడ్లబండికి ఇంత అని విలువ కట్టి కూడతారు. రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో తేల్చేటప్పుడు ఆ అంకెనే ముందు చూస్తారు. నెత్తిన అడ్డాకుల మోపుతో నడిచిపోయే మనిషికి ఆ కాగితంలో గడి లేదు.

ఒక సంత రోజు దారకొండకి ఇవతల మలుపులో బండి ఆపుకుని కూర్చున్నాను. గంటలో మూడు బైకులు, వెనకాల మనుషులు వేలాడుతున్న ఒక సర్వీసు జీపు వెళ్ళాయి. నడిచి వెళ్ళినవాళ్ళు మాత్రం నలభై మందికి పైనే. కావిళ్ళలో పసుపు, భుజం మీద కొండచీపుళ్ళ కట్టలు. ఒక పిల్లాడు కోడిపుంజుని చంకలో పెట్టుకుని, అది అరిచినప్పుడల్లా దాని మెడ నిమురుతూ పోయాడు. నా పక్కన ఒక ముసలామె మూట దించి కూర్చుంది.

“బస్సు వెళ్ళిపోయిందా అమ్మా?”

“ఎప్పుడో ఎల్లిపోనాది బాబూ. ఇంక నడకే.”

ఆమె ఊరికి రోడ్డు దిగి, గెడ్డ దాటి, ఇంకో కొండ ఎక్కాలట. అయినా రోడ్డు మీదున్నంత సేపూ హాయేనంది.

ఈ కొండల్లో రోడ్డుకి పాత బాకీ ఒకటుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించింది గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. కూలి సరిగా ఇవ్వకుండా గిరిజనుల చేత రాళ్ళు మోయించాడు. పోడు మీద ఆంక్షలతో అప్పటికే కడుపు మండి ఉన్న మన్యానికి ఈ వెట్టి తోడైంది. బాస్టియన్ వల్ల మునసబు పదవి పోగొట్టుకున్న గాం గంటందొర, తమ్ముడు మల్లుదొర అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకుపోయారు. రోడ్డు కోసం ఎవరి వెన్ను విరిచారో, ఆ కొండల మనుషులకే నూరేళ్ళ తర్వాత కూడా మంచి రోడ్డు కోసం అర్జీలు పెట్టుకోవలసి రావడం అన్యాయం.

సీలేరు దాటాక నది తోడొస్తుంది. ఆ నీటి మీద ఎగువ సీలేరులో 240, మోతుగూడెంలో 460 మెగావాట్ల కేంద్రాలు కట్టారు. పెద్ద టవర్ల మీద తీగలు లోయల్ని ఒక్క అంగలో దాటేస్తుంటాయి. కింద రోడ్డు అదే లోయని చుట్టి చుట్టి దిగుతుంది. 2024 సెప్టెంబరు వానలకి సీలేరు, దారకొండల మధ్య కొండచరియలు విరిగి రోడ్డు మీద పడ్డాయి. మైదానంలో ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిన పోతాం. ఇక్కడ ఇంకో దారంటే అడవిలో కాలిబాటే.

తిరిగొచ్చేటప్పుడు చింతపల్లికి ఇంకా చాలా దూరం ఉందనగా, మట్టిబాట తారురోడ్డులో కలిసే చోట 108 బండి ఆగి ఉంది. కొండ మీది నుంచి ఇద్దరు డోలీ దించుకొస్తున్నారు. లావుపాటి కర్రకి రెండు కొసల్నీ ముడేసిన దుప్పటి, అందులో మోకాళ్ళు ముడుచుకున్న ఒక మనిషి. వెనక భార్య, ఆమె చేతిలో చెప్పుల జత. మట్టి దాటి తారు మీద కాలు పెట్టగానే ముందున్నతను కర్ర దించి గట్టిగా ఊపిరి వదిలాడు. రోగిని బండిలోకి ఎక్కించారు. దుప్పటి ముడులు విప్పి, దులిపి, మడతపెట్టి ఆమెకి ఇచ్చారు. డోలీ కర్రని మాత్రం జాగ్రత్తగా చెట్టుకి ఆనించారు, ఊరికి తిరిగి పట్టుకెళ్ళడానికి.