సున్నపురాయి పొరల్లో ముడుతలు: పరిశీలన, గుర్తింపు

కడప బేసిన్ పడమటి భాగంలో సున్నపురాయి పొరలు చాలాచోట్ల స్వల్పవాలుతో ఉంటాయి. తూర్పున నల్లమల వైపు శిలలు తీవ్రంగా ముడుతలు పడ్డాయి. ముడుతను గుర్తించాలంటే ముందుగా పొరను, పగులును వేరుచేయాలి. రంగు, రేణువుల పరిమాణం, మట్టిపాలు మారేచోటు పొర హద్దు. పగులు ఆ హద్దులను కోసుకుంటూ పోతుంది. తరువాత పొర వాలిన దిశను, కోణాన్ని పలుచోట్ల కొలవాలి. వాలు ఇరువైపులా బయటికి ఉంటే అది కమాను, లోపలికి ఉంటే తొట్టి.

అయితే కమాను కనిపించగానే దానిని ‘అపనతి’ అనరాదు. గర్భంలో పాతపొర ఉంటేనే అది అపనతి. కొత్తపొర ఉంటే తలకిందులైన ‘అభినతి’. ఈ క్రమాన్ని తేల్చడానికి స్ట్రోమటోలైట్లు తోడ్పడతాయి. ఇదే బేసిన్‌లోని వేంపల్లె డోలమైట్‌లో అవి కనిపిస్తాయి. సూక్ష్మజీవుల పొరలతో ఏర్పడిన ఆ గుమ్మటాల ఉబ్బు, నిక్షేపకాలంలో పైదిశ ఏదో సూచిస్తుంది. కనుక అపనతిని ‘పైకి వంగిన ముడుత’ అని మాత్రమే నిర్వచిస్తే ఆకారం తెలుస్తుంది కాని, పొరల వయఃక్రమం తెలియదు.