హాస్టల్లో మన బిడ్డ బాధ వినేదెవరు?

జూన్ నెల వస్తే అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట కొండల్లోని తల్లిదండ్రులు రేకు పెట్టె సర్ది, పిల్లల్ని ఆశ్రమ పాఠశాలలో దింపి వస్తారు. ఇంట్లో కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడిన బిడ్డ అక్కడ తెలుగులో చదవాలి. అమ్మ లేకుండా నిద్రపోవాలి. కొన్నాళ్లకు కడుపునొప్పి, తలనొప్పి అంటుంది. ఆసుపత్రిలో చూస్తే జబ్బేమీ కనబడదు. అలాంటప్పుడు మాత్రతో పాటు మాట వినే మనిషి కూడా కావాలి. ఆ మనిషికి ఏ అర్హత ఉండాలి?

కోర్టు ఏమి చెప్పింది?

2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి ప్రభుత్వ, ప్రైవేటు బడులకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు కూడా వర్తిస్తాయి.

100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక కౌన్సిలర్, సైకాలజిస్టు లేక సోషల్ వర్కర్ ఉండాలి. వారు పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొంది ఉండాలి. అంతకంటే చిన్న బడి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. పరీక్షల కాలంలో కొద్దిమంది పిల్లలకు ఒకరు చొప్పున మార్గదర్శిని కేటాయించాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

మంచి మనసు చాలదా?

మంచి మనసు తప్పక కావాలి. కానీ శిక్షణ లేనివారు తెలియక తిట్టవచ్చు, బిడ్డ చెప్పిన మాట పదిమందిలో బయటపెట్టవచ్చు. శిక్షణ పొందినవారు ముందు వింటారు, గుట్టు కాపాడుతారు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం దాచకుండా వెంటనే పెద్దలకు, డాక్టరుకు చెబుతారు. తమకు చేతకానిది ఏదో వారికి తెలుసు. అసలైన అర్హత అదే.

ఈ పని నేర్చుకోవాలనుకునే ఉపాధ్యాయుల కోసం ఎన్.సి.ఇ.ఆర్.టి. ఏడాది డిప్లొమా రూపొందించింది. సైకాలజీ, సోషల్ వర్క్ చదువులు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. డిగ్రీ చదివే మన యువతీ యువకులు వీటి గురించి ఆలోచించాలి. బిడ్డ తన బాధను ఇంటి భాషలో చెప్పుకోగలిగితే సగం భారం దిగుతుంది.

తల్లిదండ్రులు చేయవలసినవి

• బడికి వెళ్లినప్పుడు "ఇక్కడ కౌన్సిలర్ ఎవరు? ఏమి చదివారు? ఏ రోజు వస్తారు?" అని అడగండి. అడగడం మీ హక్కు.

• సెలవుల్లో ఇంటికి వచ్చిన బిడ్డ తిండి మానినా, నిద్రపోకపోయినా, ఎవరితోనూ కలవకపోయినా, "నేను లేకపోతే మేలు" అన్నా తేలికగా తీసుకోవద్దు. ఒంటరిగా విడిచిపెట్టక ఆసుపత్రికి తీసుకురండి.

• టెలి మానస్ నంబరు 14416. ఉచితం. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు.

రేకు పెట్టె లోపలి మూతపై ఈ నంబరు రాసి పంపండి. దానితో పాటు "ఏమి జరిగినా మాకు చెప్పు, తిట్టము" అన్న మాట కూడా చెప్పి పంపండి.