ఆయన అక్కడ... ఆమె ఇక్కడ... మరి మనోవర్తి?

రాయచోటి, రాజంపేట వైపు ఏ వీధిలోకి వెళ్లినా "మీవాళ్లెవరైనా కువైట్లో ఉన్నారా?" అని అడగక్కర్లేదు. "ఎంతమంది ఉన్నారు?" అని అడిగితే సరిపోతుంది. వానల్లేవు, బోర్లలో నీళ్లు అందవు, చెనిక్కాయ పంటను నమ్ముకుంటే అప్పులే మిగులుతాయి. అందుకే మగవాళ్లు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ దారి పట్టారు. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు లాంటి టౌన్లలో నాలుగక్షరాలు చదువుకున్న ఇళ్లది ఇంకో దారి. కంప్యూటర్ చదువు, అమెరికా సంబంధం, పెళ్లయిన నెలకే వీసా ఇంటర్వ్యూ.

గల్ఫ్ వేరు, అమెరికా వేరు. సంపాదనలూ వేరు. కానీ మొగుడూ పెళ్లాల మధ్య చెడినప్పుడు మాత్రం ఆడవాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒకటే: "ఈ నెల ఎట్లా గడవాలి?"

విడాకులు అవుతాయా, మళ్లీ కలుస్తారా అన్నది తర్వాతి సంగతి. అది తేలడానికి ఏళ్లు పట్టొచ్చు. ఆ మధ్యలో నెలలు ఆగవు కదా! బడి ఫీజులు, బియ్యం, మందులు, ఇంటద్దె ఆగవు. నెల నెలా వచ్చే డబ్బు ఉన్నట్టుండి ఆగిపోతే ఆమె పుట్టింటికి చేరుతుంది. అక్కడ నాయన అప్పటికే పెళ్లికి చేసిన అప్పు తీరుస్తూ ఉంటాడు. ఈ వ్యాసం ఆ నెలల గురించే.

కేసు వెయ్యడానికి ఆయన ఇక్కడ ఉండాలా?

అక్కర్లేదు. "ఆయన ఈ దేశంలోనే లేడు, కోర్టు ఏం చేస్తుందిలేమ్మా" అనే మాట చాలామంది ఆడవాళ్లను ఇంట్లోనే కూర్చోబెట్టింది. భార్యకు, పిల్లలకు మనోవర్తి ఇప్పించే పాత 125వ సెక్షన్ పేరు మీరు వినే ఉంటారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. నంబరు మారింది గానీ హక్కు మారలేదు. భార్య ప్రస్తుతం ఎక్కడ ఉంటుందో అక్కడే అర్జీ పెట్టుకోవచ్చు. అంటే పుట్టిల్లు కడపలో అయితే కడపలోనే, కర్నూలులో అయితే కర్నూలులోనే. మొగుడు కువైట్లో ఉన్నా, కాలిఫోర్నియాలో ఉన్నా ఈ హక్కు పోదు.

ఒకప్పుడు ఈ సెక్షన్ కింద నెలకు 500 రూపాయలకు మించి ఇవ్వడానికి లేకుండా ఉండేది. 2001లో ఆ పరిమితి ఎత్తేశారు. నోటీసు అందిన 60 రోజుల్లోగా, వీలైనంత వరకు, మధ్యంతర మనోవర్తి సంగతి తేల్చాలని కూడా అప్పుడే చేర్చారు. అయితే ఆ నోటీసు అందడమే పెద్ద తతంగం! విదేశానికి సమన్లు పోవాలంటే ఢిల్లీ మీదుగా, రాయబార కార్యాలయం మీదుగా తిరగాలి. నెలలు పడుతుంది. అందుకే ఆలస్యం చెయ్యకుండా అర్జీ పెట్టమనేది. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. తీర్పు ఎప్పుడొచ్చినా, మనోవర్తిని మాత్రం అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కగట్టాలి. ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు ప్రమాణపత్రంలో రాసివ్వాలని కూడా ఆ తీర్పులోనే ఉంది.

దీనితోపాటు 2005 నాటి గృహహింస చట్టం ఉంది. దాని కింద ఖర్చులకు డబ్బు అడగొచ్చు, ఉన్న ఇంట్లోంచి గెంటకుండా ఆర్డరు అడగొచ్చు. కొడుకు విదేశంలో ఉండగా అత్తమామలు కోడలి సామాను వీధిలో పెట్టే సందర్భాల్లో ఈ చట్టమే ఎక్కువ అక్కరకు వస్తుంది. హిందువులైతే కోర్టులో విడాకుల కేసు నడుస్తున్నంత కాలం హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద నెల ఖర్చు, కోర్టు ఖర్చు కూడా కోరవచ్చు.

తిరుపతిలో పెళ్లి, మిస్సోరీలో విడాకులు

అమెరికా నుంచి ఒక కవరు వస్తుంది. విప్పితే విడాకుల కాగితం! దాంతో "నాకింక ఏ హక్కూ లేదు" అని ఏడుస్తూ కూర్చునే అమ్మాయిలు ఈనాటికీ ఉన్నారు. వాళ్లంతా మన రాయలసీమ నుంచే వెళ్లిన ఒక కేసు గురించి తెలుసుకోవాలి.

1975 ఫిబ్రవరిలో తిరుపతిలో ఒక పెళ్లి జరిగింది. మూడేళ్లకే, 1978లో, ఇద్దరూ విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టులో కేసు వేసి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. మరుసటి ఏడే యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి. మొదటి భార్య ఊరుకోలేదు. మొదటి పెళ్లి ఉండగానే రెండో పెళ్లి చేసుకున్నాడని క్రిమినల్ కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి అనే ఆ కేసులో 1991 జులై 9న తీర్పు వచ్చింది. మిస్సోరీ డిక్రీ మన దగ్గర చెల్లదన్నారు. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టే విడాకులు ఇవ్వాలి, ఆ చట్టంలో ఉన్న కారణం మీదనే ఇవ్వాలి. లేదంటే భార్య తనంతట తాను ఆ విదేశీ కోర్టుకు ఒప్పుకుని, అందులో పాల్గొని ఉండాలి.

ఆ చివరి మాట దగ్గరే జాగ్రత్త! పై కేసులో భార్య మిస్సోరీ కోర్టుకు జవాబు పంపింది గానీ, "మీకు ఈ కేసు వినే అధికారం లేదు" అనే అభ్యంతరంతోనే పంపింది. అది ఆమెకు కలిసొచ్చింది. కాబట్టి అలాంటి నోటీసు వస్తే చించి పారేయకండి, అలాగని "నా వాదన ఇదీ" అని తొందరపడి సంతకం చేసి పంపకండి. ముందు వకీలుకు చూపించండి.

ముస్లిం ఇళ్ల సంగతి

కడప, కర్నూలు, ఆదోని, రాయచోటి... ముస్లిం కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న ఊళ్లివి. గల్ఫ్ నుంచి ఫోన్లో మూడుసార్లు తలాక్ చెప్పి చేతులు దులుపుకునే రోజులు పోయాయి. 2017లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. 2019లో వచ్చిన చట్టం దాన్ని నేరం చేసింది. అలా చెప్పించుకున్న భార్యకు తనకూ, పిల్లలకూ జీవనభృతి అడిగే హక్కు ఆ చట్టంలోనే ఉంది.

అసలు విడాకులే అయిపోయిన ముస్లిం మహిళ మామూలు మనోవర్తి సెక్షన్ కింద అడగొచ్చా అన్న సందేహం 1985 నాటి షాబానో కేసు దగ్గర్నుంచీ నలుగుతూనే ఉంది. 2024 జులై 10న, తెలంగాణ నుంచి వెళ్లిన మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో సుప్రీంకోర్టు అడగొచ్చని తేల్చి చెప్పింది. ఇందులో కింది కోర్టు నెలకు 20 వేలు ఇమ్మంటే హైకోర్టు 10 వేలకు తగ్గించింది. అదీ ఇవ్వనని భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయాడు.

ఆమె కూడా అక్కడే ఉంటే...

ఇదింకా చిక్కు. అమెరికాలో ఉద్యోగం చేసే భర్త వెంట వెళ్లిన అమ్మాయికి ఎక్కువగా ఉండేది హెచ్-4 వీసా. అంటే ఆమె ఆ దేశంలో ఉండటమే భర్త వీసా మీద ఆధారపడి ఉంటుంది. 2015 నుంచి కొందరు హెచ్-4 భార్యలకు పనిచేసుకునే అనుమతి ఇస్తున్నారు, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. మిగతావాళ్లకు బ్యాంకు కార్డు, కారు తాళం, ఫోన్ బిల్లు అన్నీ ఆయన చేతిలోనే. చదువులో ఆయనకన్నా ముందున్న అమ్మాయి కూడా పాల ప్యాకెట్‌కు చెయ్యి చాపాలి. ఇది ఎవరికి చెప్పుకుంటుంది? వాట్సాప్ స్టేటస్‌లో మంచు కురిసే ఫొటోలు చూసి ఇక్కడ మనం మురిసిపోతుంటాం!

ఆ అమ్మాయికి తెలియాల్సిన సంగతి ఏమిటంటే, విడిగా ఉన్న కాలానికి మధ్యంతర భరణం అడగడానికి అక్కడి రాష్ట్ర ఫ్యామిలీ కోర్టుల్లో వీసా ఏదన్నది అడ్డం కాదు. కొట్టడం, హింసించడం జరిగితే హెచ్-4 భార్య తనకంటూ పని అనుమతికి విడిగా దరఖాస్తు పెట్టుకునే వీలూ ఉంది. భర్త అక్కడి పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయితే, హింసకు గురైన భార్య ఆయన సంతకంతో పని లేకుండా సొంతంగానే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇంకొకటి చాలామందికి తెలియనిది. అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో మన అమ్మాయిని పెళ్లి చేసుకుని గ్రీన్‌కార్డు ఇప్పించేటప్పుడు ఐ-864 అనే హామీపత్రం మీద సంతకం పెడతాడు. "ఈమె ప్రభుత్వానికి భారం కాకుండా నేను చూసుకుంటాను" అని ప్రభుత్వానికి రాసిచ్చే కాగితమది. అక్కడి పేదరికపు గీతకు 125 శాతం దాకా ఆమెకు ఆదాయం ఉండేలా చూడాలి. 2025 లెక్కల్లో ఒక మనిషికి ఏడాదికి సుమారు 19,500 డాలర్లు. ఆమెకు సొంత సంపాదన ఉంటే అది పోను మిగిలింది ఇవ్వాలి. విశేషమేమిటంటే విడాకులైనా ఆ హామీ పోదు! ఆమె అమెరికా పౌరురాలు అయితేనో, సుమారు పదేళ్ల పని లెక్కలోకి వస్తేనో, ఇద్దరిలో ఒకరు చనిపోతేనో, గ్రీన్‌కార్డు హోదా పోయి ఆమె దేశం విడిచి వచ్చేస్తేనో మాత్రమే పోతుంది. ఇవ్వకపోతే ఆమే కోర్టుకు వెళ్లొచ్చు.

అయితే హెచ్-4 వాళ్లకు ఈ కాగితం ఉండదు. భర్తకు ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు వచ్చి, ఆయన వెంట భార్యకూ వస్తే అప్పుడూ మామూలుగా ఉండదు. మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువమందిది ఈ రెండో రకమే కాబట్టి, ముందు మీ కాగితాల్లో అది ఉందో లేదో చూసుకోవాలి.

"అమ్మను చూసొద్దాం రా" అని ఇండియాకు తీసుకొచ్చి, పాస్‌పోర్టూ గ్రీన్‌కార్డూ తీసుకుని తానొక్కడే విమానం ఎక్కేసే ప్రబుద్ధులు ఎందుకలా చేస్తారో పై సంగతి చదివాక అర్థమై ఉంటుంది. ఆమె అక్కడ ఉంటే హక్కులు అడుగుతుంది. అలా జరిగితే వెంటనే పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి, అమెరికా కాన్సులేట్‌కు తెలియజేయాలి. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్నారై సెల్ ఉంది. దానికీ రాయొచ్చు. ఎన్నారై పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ బిల్లు 2019లో రాజ్యసభకు వచ్చింది. ఈ పెళ్లిళ్లకు సమగ్ర చట్టం కావాలని 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ కూడా చెప్పింది.

కువైట్‌కు వెళ్లింది ఆమే అయితే?

మన వైపు ఇది తక్కువేం కాదు. ఇంటిపనికి ఇచ్చే 20వ నంబరు వీసా మీద వెళ్లిన ఆమె మొగుణ్ణి, పిల్లల్ని వెంట తీసుకుపోలేదు. జీతమంతా ఆయన ఖాతాకే పంపుతుంది. ఇల్లు ఆయన పేరు మీదే లేస్తుంది. నాలుగేళ్లకు వచ్చి చూస్తే ఆ ఇంట్లో ఇంకొకామె! అప్పుడామెకు తిండికి లేకపోతే మనోవర్తి అడగొచ్చు, రెండో పెళ్లి మీద కేసూ పెట్టొచ్చు. కానీ తాను కట్టిన ఇంటిని తనదని నిరూపించుకోవడం కష్టం. అంతేనా! హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ భార్యాభర్తల్లో ఎవరైనా ఎవరినైనా అడగొచ్చంటుంది. దుబాయ్‌లోనో కువైట్లోనో సంపాదించే భార్య మీద ఒళ్లొంచని మొగుడే భరణం వెయ్యొచ్చన్నమాట. కష్టం చేయగలిగిన మగవాడికి కోర్టులు అంత తేలిగ్గా ఇవ్వవు, అది వేరే సంగతి. వెళ్లే ముందే సొంత పేరుతో ఎన్నారై ఖాతా తెరిచి, ఇంటి ఖర్చుకు కావలసినంతే పంపడం మేలు. స్థలం కొంటే రిజిస్ట్రేషన్ మీ పేరు మీదే చేయించుకోండి.

పంచాయితీ కాగితంతో జాగ్రత్త

మన ఊళ్లలో ఇలాంటివి ముందు పెద్దమనుషుల దగ్గరికే పోతాయి. తప్పని అనను. కొన్నిసార్లు కోర్టు పదేళ్లకు చెయ్యలేనిది రచ్చబండ పది రోజుల్లో చేస్తుంది. కానీ చివర్లో స్టాంపు కాగితం మీద "మేమిద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం, ఇకమీదట ఒకరితో ఒకరికి సంబంధం లేదు" అని రాయించి, చేతిలో లక్షో రెండు లక్షలో పెడతారు. ఆ మొదటి మాటే ముంచుతుంది. పరస్పరం ఒప్పుకుని విడిగా ఉండే భార్యకు మనోవర్తి రాదని చట్టంలోనే ఉంది. అవతలి వకీలు మొదట చూపించేది ఆ కాగితమే. చదవకుండా, చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యకండి.

ఆర్డరొచ్చినా ఇవ్వకపోతే?

ఆయన పేరు మీద ఇక్కడ పొలం, ఇంటి స్థలం ఉంటే వాటి నుంచి రాబట్టమని కోర్టును కోరాలి. ఇవ్వని ఒక్కో నెలకు నెల దాకా జైలు వెయ్యొచ్చు. వారంటు పుడితే ఆ విషయం ప్రాంతీయ పాస్‌పోర్టు అధికారికి తెలియజేస్తే, పాస్‌పోర్టు చట్టం 10వ సెక్షన్ కింద ఆయన పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకుంది. గల్ఫ్‌లో ఉన్నవాడికి ఇదే ఎక్కువ తగిలే దెబ్బ. ఒక్క సంగతి మరిచిపోకండి. బకాయి పడ్డ ఏడాదిలోపే వసూలుకు అర్జీ పెట్టాలి. "రెండేళ్ల తర్వాత అంతా కలిపి అడుగుదాంలే" అంటే ఈ సెక్షన్ కింద మొదటి ఏడాది డబ్బు పోయినట్టే.

వకీలు ఫీజుకు భయపడాల్సిన పని లేదు. ఆదాయం ఎంతున్నా సరే, ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. కడప, కర్నూలు జిల్లా కోర్టుల ఆవరణలో న్యాయసేవాధికార సంస్థలున్నాయి. ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు పెళ్లి పత్రిక, పెళ్లి ఫొటోలు, ఆయన పాస్‌పోర్టు, వీసాల నకళ్లు, డబ్బు పంపిన బ్యాంకు కాగితాలు, ఫోన్లో ఉన్న మెసేజ్‌లు అన్నీ తీసుకెళ్లండి. అమెరికా ఉద్యోగి జీతం తెలియదంటారా? హెచ్-1బి ఉద్యోగాలకు ఏ కంపెనీ, ఏ ఊళ్లో, ఏ పనికి ఎంత జీతం చూపించిందో అక్కడి కార్మికశాఖ బయటపెడుతుంది. మనిషి పేరు ఉండదు గానీ, "నాకు నెలకు వెయ్యి డాలర్లే" అని ప్రమాణపత్రం రాసే పెద్దమనిషికి అది చూపిస్తే చాలు. పిల్లల బడి ఫీజు రసీదులు, మందుల చీటీలు కూడా విడిగా ఒక కవర్లో పెట్టుకోండి. నెలకు ఎంత కావాలని జడ్జిగారు అడిగినప్పుడు లెక్క చెప్పాల్సింది మీరే.